సొంత లాంగ్వేజ్‌కి మ్యాథ్ లైబ్రరీ: సిస్టమ్ లిబ్‌ఎమ్‌ని (ఓఎస్‌తో వచ్చే మ్యాథ్ లైబ్రరీ) పిలవాలా, మనమే రాసుకోవాలా?

కొత్తకంపైలర్
అందరికీ నమస్కారం. చిన్న స్క్రిప్టింగ్ లాంగ్వేజ్ ఒకటి తయారు చేస్తున్నాను, వీఎం రస్ట్‌లో ఉంది. స్ట్రింగులు, లిస్టులు, ఫైళ్లు అయిపోయాయి. ఇప్పుడు మ్యాథ్ దగ్గర ఆగాను. సైన్, కాస్, ఎక్స్‌పీ, లాగ్, పవర్ అన్నీ ప్రస్తుతానికి రస్ట్ ఇచ్చే ఫంక్షన్లకే అప్పగించాను. లినక్స్‌లో టెస్టులన్నీ పాస్. అదే కోడ్ విండోస్‌లో నడిపితే కొన్ని ఫెయిల్. చూస్తే పదిహేడో అంకె ఒకచోట 3, ఇంకోచోట 4.

ఇది బగ్గా, మామూలేనా? నా లాంగ్వేజ్‌లో ఒక ప్రోగ్రాం ఎక్కడ నడిపినా ఒకే జవాబు రావాలని నా కోరిక. అందుకని ఈ ఫంక్షన్లన్నీ నేనే రాసుకుంటే ఎలా ఉంటుంది? టేలర్ సిరీస్ కాలేజీలో చదివిందే, పెద్ద కష్టం కాదనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బిట్_బై_బిట్
బగ్ కాదండీ, మామూలే. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం, ఎఫ్‌ఎంఏ (ఏ×బి+సి ని ఒకే రౌండింగ్‌తో కట్టడం) వీటికి ఐఈఈఈ 754 అనే ఫ్లోటింగ్ పాయింట్ ప్రమాణం ఒకే జవాబు ఖాయం చేసింది: అసలు విలువను సరిగ్గా రౌండ్ చేసి ఇవ్వాల్సిందే. సైన్, ఎక్స్‌పీ, లాగ్‌లకు ఆ నిర్బంధం లేదు. 2008 సవరణలో కూడా సరిగ్గా రౌండ్ చేస్తే మంచిదని సిఫార్సు మాత్రమే ఉంది. కాబట్టి రస్ట్ ఆ పనిని ఏ ప్లాట్‌ఫామ్ లిబ్‌ఎమ్‌కి అప్పగిస్తే దాని జవాబు వస్తుంది. రస్ట్ డాక్యుమెంట్లలో సైన్ దగ్గర ఈ సంగతి స్పష్టంగానే రాసి ఉంటుంది.

ఇంకో తమాషా ఉంది. ఒకే మెషీన్‌లో కూడా రెండు జవాబులు రావచ్చు. కంపైలర్‌కి ఇన్‌పుట్ ముందే తెలిసిపోతే అది కంపైల్ టైమ్‌లోనే లెక్క కట్టేస్తుంది. జీసీసీ కంపైలర్ అందుకు ఎంపీఎఫ్‌ఆర్ (కోరినన్ని బిట్లలో లెక్కకట్టే లైబ్రరీ) వాడుతుంది, రస్ట్ వాడే ఎల్‌ఎల్‌వీఎం అయితే కంపైలర్ నడుస్తున్న మెషీన్ లిబ్‌ఎమ్‌నే వాడుతుంది. రన్‌టైమ్‌లో పిలిచేది వేరే లిబ్‌ఎమ్ కావచ్చు. మీ టెస్టులో కాన్‌స్టంట్ ఇచ్చి పోలుస్తుంటే ముందు అది చూసుకోండి.

పొట్టి_ఫంక్షన్
టేలర్‌లో 20 పదాలు వేసేయ్ బ్రో, డబుల్‌కి (64 బిట్ల ఫ్లోట్) అదే ఎక్కువ. సైన్‌కి ఫ్యాక్టోరియల్స్ కింద ఎలాగూ పెరిగిపోతాయి. అరగంట పని.

లలిత_న్యూమరిక్
@పొట్టి_ఫంక్షన్ గారూ, ఎక్స్ 1 లోపు ఉంటే అరగంట పనే. ఎక్స్ 30 అనుకోండి. టేలర్‌లో మధ్య పదాలు 10^11 దాటిపోతాయి, ప్లస్ ఒకటి మైనస్ ఒకటిగా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి 1 లోపు జవాబు మిగలాలి. డబుల్‌లో ఉండేది సుమారు 16 అంకెలు. అందులో 11 ఆ కొట్టివేతలోనే పోతాయి. 20 పదాలు కాదు, 200 వేసినా అవి తిరిగి రావు.

అందుకే ఏ లైబ్రరీ చూసినా పని మూడు దశల్లో నడుస్తుంది. ఇన్‌పుట్‌ని చిన్న పరిధిలోకి తేవడం, అక్కడ ఒక బహుపది లెక్కకట్టడం, ఫలితాన్ని తిరిగి అసలు స్థాయికి తీసుకెళ్లడం. అందరూ బహుపది గురించే మాట్లాడతారు గానీ తప్పులు ఎక్కువ దొర్లేది మొదటి దశలోనే.

ఎక్స్‌పీ(700) తీసుకోండి. 700ని లాగ్ 2 (సుమారు 0.693147) తో భాగిస్తే దగ్గరి పూర్ణాంకం 1010. అంటే 700 నుంచి 1010 × లాగ్ 2 తీసేస్తే శేషం సుమారు −0.0786. దాని ఎక్స్‌పీ కట్టి 2^1010 తో గుణిస్తే చాలు. రాతలో బాగానే ఉంది. ఇక్కడ 1010 × లాగ్ 2 లబ్ధం 700 చుట్టూ ఉంటుంది, ఆ ప్రాంతంలో పక్కపక్క డబుల్స్ మధ్య దూరం 2^-43. లబ్ధాన్ని రౌండ్ చేసినప్పుడు వచ్చే తప్పు 2^-44 దాకా ఉండొచ్చు. శేషంలో వచ్చిన ఆ తప్పు నేరుగా ఫలితంలో సాపేక్ష తప్పుగా కూర్చుంటుంది. 2^-52 తో పోల్చుకుంటే 256 రెట్లు! చివరి ఎనిమిది బిట్లు గల్లంతు.

దీనికి మందు కాడీ, వెయిట్ 1980లోనే చెప్పారు. లాగ్ 2 ని రెండు ముక్కలుగా ఉంచుతారు. పెద్ద ముక్కలో చివరి బిట్లన్నీ సున్నాలు, కాబట్టి 1010 తో గుణించినా రౌండింగ్ అవసరమే రాదు, లబ్ధం నిక్కచ్చిగా వస్తుంది. అది తీసేశాక చిన్న ముక్క × 1010 తీసేస్తారు. ఎఫ్‌డీలిబ్‌ఎమ్ అనే మ్యాథ్ లైబ్రరీలో ఎక్స్‌పీ కోడ్ తెరిస్తే రెండు కాన్‌స్టంట్లుగా కనిపించేది ఇదే.

బహుపది కూడా టేలర్ కాదు. టేలర్ సున్నా దగ్గర అద్భుతంగా ఉండి అంచుల్లో చెడుతుంది. తప్పుని పరిధి అంతటా సమంగా పంచే మినీమ్యాక్స్ బహుపది కావాలి. రెమెజ్ 1934లో ఇచ్చిన పద్ధతి అది. ఇప్పుడు చేత్తో చేసుకోనక్కర్లేదు, సోల్యా అనే టూల్ ఉంది. గుణకాలు డబుల్‌లో పట్టేలా రౌండ్ అయి ఉండాలన్న షరతుతో సహా వెతికిపెడుతుంది.

కొత్తకంపైలర్
లలిత గారూ, చాలా థాంక్స్. 700 ఉదాహరణ కాగితం మీద వేసి చూశాను, అర్థమైంది. సైన్‌కి కూడా ఇదే కదా? 2పై (2π) తో శేషం తీసి, −పై నుంచి పై లోపలికి తెచ్చుకుంటే సరిపోతుందా?

లలిత_న్యూమరిక్
పద్ధతి అదే, చిక్కు మాత్రం పెద్దది. లాగ్ 2 తో గుణించే పూర్ణాంకం ఎంత పెద్దదైనా 1100 దాటదు, ఎందుకంటే 709.78 దాటితే ఎక్స్‌పీ ఎలాగూ ఓవర్‌ఫ్లో. సైన్‌కి ఆ గోడ లేదు. డబుల్‌లో పట్టే ఏ సంఖ్యైనా, 10^308 అయినా, చట్టబద్ధమైన ఇన్‌పుటే. 10^22 డబుల్‌లో నిక్కచ్చిగా పడుతుంది. సైన్(10^22) అసలు విలువ −0.8522008497671888. మీ దగ్గరున్న డబుల్ పై తో శేషం తీస్తే దీనికీ దానికీ పొంతనే ఉండదు.

సరిగ్గా రావాలంటే పెద్ద ఇన్‌పుట్లకు 2/పై విలువ వెయ్యికి పైగా బిట్ల వరకు పట్టికలో ఉండాలి. అందులోంచి ఈ ఇన్‌పుట్‌కి అవసరమైన కిటికీని మాత్రమే తీసుకుని గుణించాలి. పేన్, హానెక్ 1983లో చెప్పిన ఉపాయం ఇది.

శేషం_సున్నా
సైన్(10^22) ఎవరు పిలుస్తారండీ నిజంగా? 10^22 దగ్గర పక్క డబుల్ లక్షల దూరంలో ఉంటుంది. మధ్యలో సైన్ లక్షల సార్లు పైకీ కిందకీ ఊగేస్తుంది. అంత దూరంలో జవాబు 'సరైనది' అనడానికే అర్థం లేదు. ఇలాంటివాటి కోసం వెయ్యి బిట్ల పట్టిక మోయడం నాకు వృథాగానే కనిపిస్తుంది. పరిధి దాటితే నాన్ (NaN, 'సంఖ్య కాదు' అనే విలువ) ఇచ్చేయండి, డాక్యుమెంట్‌లో రాసేయండి.

బిట్_బై_బిట్
10^22 వదిలేయండి, పై దగ్గరే చూద్దాం. సైన్(డబుల్ పై) ఎంత రావాలి? సున్నా కాదు. డబుల్ పై అసలు పై కంటే రవ్వంత చిన్నది, ఆ తేడాయే జవాబు: 1.2246467991473532 × 10^-16. "సైన్ పై కి సున్నా రావట్లేదు" అని ఎవరో ఒకరు బగ్ వేస్తూనే ఉంటారు, నిజానికి లైబ్రరీ సరిగ్గా పనిచేస్తోందనడానికి అదే రుజువు.

పాత ఇంటెల్ ఎఫ్‌సైన్ ఇన్‌స్ట్రక్షన్‌కి ఇదే ఇన్‌పుట్ ఇస్తే వచ్చేది 1.2246063538223773 × 10^-16. నాలుగో దశాంశం వరకు కలిసింది, ఐదోది నుంచి తప్పు. కారణం లోపల పై ని 66 బిట్లకే పెట్టుకోవడం. డాక్యుమెంట్‌లో మాత్రం చివరి బిట్ దాకా సరే అన్నట్టు ఏళ్ల తరబడి ఉండిపోయింది, 2014లో సంగతి బయటపడ్డాక సరిచేశారు. ఇక్కడ ఇన్‌పుట్ 3.14 మాత్రమే, 10^22 కాదు. పరిధి పెట్టి నాన్ ఇస్తే ఈ తప్పు పోదు.

శేషం_సున్నా
ఇది ఒప్పుకుంటాను. పై గుణిజాల దగ్గర మూడు ముక్కల కాడీ–వెయిట్ పెడితే చాలు, అది చవకే. పెద్ద పట్టిక మాత్రం ఇప్పటికీ అనవసరం అనే అంటాను.

పాత_సి_ప్రాణి
అందరూ బహుపదుల దగ్గరే ఆగారు. లైబ్రరీ రాసేవాడి సమయం తినేది ప్రత్యేక ఇన్‌పుట్లు. కొన్ని చెబుతాను, ఇవి ముందే తేల్చుకోకపోతే తర్వాత మార్చడానికి లేదు, ఎందుకంటే యూజర్ల కోడ్ వాటి మీద ఆధారపడిపోతుంది.

1 ని నాన్ ఘాతానికి హెచ్చిస్తే ఎంత? సీ99 (సీ భాష 1999 ప్రమాణం) ప్రకారం 1. పైథాన్‌లోనూ 1.0. జావా, జావాస్క్రిప్ట్‌లలో నాన్. ఎవరూ తప్పు కాదు, ఎవరి స్పెక్ వాళ్లది. లంబకోణ త్రిభుజం కర్ణం కట్టే హైపాట్(అనంతం, నాన్) సీలో అనంతం, దానికో వాదన ఉంది: రెండోది ఏ సంఖ్యైనా జవాబు అనంతమే కదా అని. వర్గమూలం(−0) అంటే −0, అదే పవర్(−0, 0.5) అంటే +0.

హైపాట్ అనగానే రెండు వర్గాలు కూడి మూలం తీసేస్తారు చాలామంది. 3 × 10^200, 4 × 10^200 ఇచ్చి చూడండి. వర్గం చేయగానే ఓవర్‌ఫ్లో అయి అనంతం వస్తుంది, రావాల్సింది 5 × 10^200. ఘనమూలానికి పవర్(ఎక్స్, 1/3) పెడితే −8 కి నాన్. లాగ్(1 + 10^-16) పెడితే సున్నా, ఎందుకంటే కూడిక దగ్గరే 10^-16 మాయమైంది. అందుకే లాగ్(1 + ఎక్స్) కి లాగ్‌1పీ, ఎక్స్‌పీ(ఎక్స్) − 1 కి ఎక్స్‌పీఎం1 అని విడిగా ఉంటాయి. అవి కూడా లైబ్రరీలో పెట్టండి.

రౌండ్ లాంటి పసిఫంక్షన్ కూడా కరుస్తుంది. 0.5 కలిపి ఫ్లోర్ తీస్తే చాలనుకుంటాం. 0.5 కి సరిగ్గా ముందున్న డబుల్ 0.49999999999999994. దానికి 0.5 కలిపితే రౌండింగ్‌లో 1.0 అయి కూర్చుంటుంది, ఫ్లోర్ 1. జావా 6 లో ఈ బగ్ ఉండేది, 7 లో తీసేశారు.

ఇంకా ముఖ్యమైనది: లాగ్(0) కి ఏం చేస్తారు? పైథాన్ ఎక్సెప్షన్ వేస్తుంది, మిగతా చాలా భాషలు −అనంతం ఇస్తాయి. స్క్రిప్టింగ్ లాంగ్వేజ్ కాబట్టి నేనైతే నాన్, అనంతం దారే పట్టమంటాను. అర్రే మీద లెక్క నడుస్తుండగా ఒక సున్నా వల్ల మొత్తం ఆగిపోవడం కంటే అదే నయం. దీనికి ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు.

సున్నాతో_భాగహారం
ఒప్పుకోను 🙂 నాన్ నిశ్శబ్దంగా పది ఫంక్షన్లు దాటి రిపోర్టులో తేలితే అది ఎక్కడ పుట్టిందో వెతకడం నరకం. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసే లాంగ్వేజ్ అయితే ఎక్సెప్షనే మేలు.

కొత్తకంపైలర్
నాది డేటా లెక్కల కోసం, అర్రేలే ఎక్కువ. నాన్ వైపే మొగ్గుతున్నాను. నా అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉంది. అన్ని మెషీన్లలో ఒకే బిట్లు రావాలంటే దారి ఏమిటి?

మోనోటోన్
రెండు దారులు. ఒకటి, ఒకే కోడ్‌ని అన్నిచోట్లా మోసుకెళ్లడం. జావా స్ట్రిక్ట్‌మ్యాథ్ చేసింది అదే, ఎఫ్‌డీలిబ్‌ఎమ్ ఏ జవాబిస్తే ఆ జవాబే రావాలని స్పెక్‌లో రాసిపెట్టారు. మామూలు మ్యాథ్ క్లాసులో సైన్‌కి 1 యూఎల్‌పీ (పక్కపక్క డబుల్స్ మధ్య దూరం) లోపు తప్పు ఉంటే చాలన్నారు, కానీ ఫంక్షన్ పెరిగే చోట ఉజ్జాయింపు తగ్గకూడదని షరతు పెట్టారు. ఇది చాలామంది మర్చిపోయే షరతు. ముందే కట్టిన విలువల టేబుల్ వాడితే, దాని ముక్కలు మారే హద్దుల దగ్గర ఒక బిట్ వెనక్కి పడితే బైనరీ సెర్చ్ చేసే కోడ్ తికమకపడుతుంది. జావాస్క్రిప్ట్ స్పెక్ ఎఫ్‌డీలిబ్‌ఎమ్ వాడమని సూచిస్తుంది గానీ బలవంతం చేయదు.

రెండో దారి, సరిగ్గా రౌండ్ చేయడం. అప్పుడు కోడ్ ఎవరిదైనా జవాబు ఒక్కటే. ఇది వినడానికి సులువు. కానీ అసలు విలువ రెండు డబుల్స్‌కి దాదాపు నట్టనడుమ పడితే ఎటు రౌండ్ చేయాలో తెలియాలంటే ఇంకా ఎన్ని బిట్లు లెక్కకట్టాలో ముందుగా తెలియదు. ఐఈఈఈ 754 రూపకర్తల్లో ఒకరైన కహాన్ దీనికి టేబుల్ మేకర్స్ డైలమా అని పేరు పెట్టారు. పాత జీలిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) ఐబీఎం నుంచి వచ్చిన జివ్ పద్ధతి ఉండేది: ముందు వేగంగా ప్రయత్నించు, తేలకపోతే 768 బిట్ల దాకా వెళ్లు. కొన్ని ఇన్‌పుట్లకు మామూలు కంటే వెయ్యి రెట్లకు పైగా నెమ్మది. ఒకే ఫంక్షన్ ఒకసారి నానోసెకన్లలో, ఒకసారి మైక్రోసెకన్లు దాటి. 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో ఆ నెమ్మది దారులు చాలావరకు తీసేశారు, దాంతోపాటు సరైన రౌండింగ్ హామీ కూడా పోయింది.

తర్వాత కథ మారింది. లెఫెవ్ర్, ములెర్ కలిసి డబుల్‌లో అతి కష్టమైన ఇన్‌పుట్లు ఏవో వెతికి పట్టుకున్నారు. ఎక్స్‌పీకి, ఇన్‌పుట్ మరీ చిన్నది (2^-30 కంటే) కాకపోతే, సాపేక్ష తప్పు 2^-113 లోపు ఉంటే ఎప్పుడూ సరిగ్గా రౌండ్ చేయొచ్చని తేలింది. 768 తో పోలిస్తే అది ఎంత? రెండు డబుల్స్ కంటే కాస్త ఎక్కువ, అంతే. ఈ ఆధారంతోనే కోర్‌-మ్యాథ్ అనే ప్రాజెక్ట్ సరిగ్గా రౌండ్ చేసే ఫంక్షన్లను మామూలు లిబ్‌ఎమ్‌లతో పోటీపడే వేగంతో రాస్తోంది. 2025లో వచ్చిన జీలిబ్‌సీ 2.41, 32 బిట్ల ఫ్లోట్ ఫంక్షన్లలో చాలావాటిని అక్కడి నుంచే తెచ్చుకుంది.

వెక్టర్_వీరుడు
స్పీడ్ మాట కూడా అనుకోండి. అర్రేలే ఎక్కువ అంటున్నారు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు సిమ్‌డీ (ఒకే ఆదేశంతో చాలా సంఖ్యల మీద లెక్క) కావాలంటారు. జీలిబ్‌సీ వెక్టర్ లైబ్రరీ లిబ్‌ఎమ్‌వెక్ 4 యూఎల్‌పీ వరకు తప్పుని అనుమతిస్తుంది. ఒక్కో సంఖ్యకి ఒక జవాబు, అర్రేలో పెడితే ఇంకో జవాబు వస్తే మీ 'ఒకే బిట్లు' మాట గాలికి పోయినట్టే. ఇప్పుడే నిర్ణయించుకోండి: హామీ మీద ఉంటారా, వేగం కోసం వేరే పేరుతో ఇంకో ఫంక్షన్ ఇస్తారా.

బిట్_బై_బిట్
ఒకే కోడ్ మోసుకెళ్లినా ఒక గుంట ఉంది. ఏ×బి+సి ని కంపైలర్ తనంతట తాను ఎఫ్‌ఎంఏ గా కలిపేస్తే రెండు రౌండింగులకు బదులు ఒకటే అవుతుంది, చివరి బిట్ మారుతుంది. గో భాషలో ఏఆర్‌ఎమ్64 ప్రాసెసర్ల మీద ఇలా కలుపుతుంది, ఎక్స్86-64 మీద మామూలుగా కలపదు. ఆపాలంటే మధ్యలో ఫ్లోట్64 కన్వర్షన్ స్పష్టంగా రాయాలి. సీలో అయితే ఇలా కలపడాన్ని (కాంట్రాక్షన్) ఆపే ఫ్లాగ్ ఇవ్వాలి. రస్ట్ తనంతట కలపదు కాబట్టి మీకు ఆ టెన్షన్ లేదు. సీ కోడ్‌ని లింక్ చేస్తే మాత్రం ఫ్లాగ్ మర్చిపోవద్దు.

కొత్తకంపైలర్
అయితే మసల్ అనే సీ లైబ్రరీ నుంచి రస్ట్‌లోకి పోర్ట్ చేసిన లిబ్‌ఎమ్ క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) ఉంది కదా, మొదటి అడుగుగా దాన్నే అన్ని ప్లాట్‌ఫామ్‌ల మీదా వాడతాను. సిస్టమ్‌ది పిలవను. తర్వాత ఒక్కో ఫంక్షన్ కోర్‌-మ్యాథ్ వైపు మార్చుకుంటాను. ఎక్స్‌పీ, లాగ్ ముందు. వీటిని టెస్ట్ చేయడం ఎలా? ఏ జవాబు సరైనదో నాకెలా తెలుస్తుంది?

లలిత_న్యూమరిక్
మంచి దారి. లైసెన్స్ ఇబ్బంది కూడా లేదు, మసల్, కోర్‌-మ్యాథ్ రెండూ ఎంఐటీ. కాపీరైట్ నోటీసు మాత్రం ఉంచండి.

టెస్ట్‌కి ఎంపీఎఫ్‌ఆర్‌ని ప్రమాణంగా పెట్టుకోండి. 200 బిట్లలో లెక్కకట్టి, మీ జవాబు ఎన్ని యూఎల్‌పీల దూరంలో ఉందో కొలవండి. 32 బిట్ల ఫ్లోట్‌కి ఒకే ఇన్‌పుట్ ఉన్న ఫంక్షన్ అయితే మొత్తం ఇన్‌పుట్లు 2^32, అంటే 429 కోట్లు. ఒక్కటి కూడా వదలకుండా అన్నీ పరీక్షించేయొచ్చు, శాంపిళ్లు తీయడం దండగ. డబుల్‌కి అది కుదరదు. అక్కడ రాండమ్ పాయింట్లు కాదు, చోట్లు ఎంచుకుని కొట్టాలి: టేబుల్ హద్దులకు అటూ ఇటూ డబుల్స్, పై/2 గుణిజాలకు దగ్గరివి, ఓవర్‌ఫ్లో అంచు 709.78 చుట్టూ, సబ్‌నార్మల్స్ (సున్నాకి అతి దగ్గరి చిన్న సంఖ్యలు), లాగ్‌కి 1 కి ఇరుపక్కలా, పైన చెప్పిన కష్టమైన ఇన్‌పుట్లు. రాండమ్‌గా కోటి పాయింట్లు వేసినా ఇవి తగలవు. పవర్‌కి రెండు ఇన్‌పుట్లు కాబట్టి దాన్ని అందరికంటే ఆఖర్న ముట్టుకోండి.

పాత_సి_ప్రాణి
ఎల్‌గామా (గామా ఫంక్షన్ లాగ్) పెట్టాలనుకుంటే ఒక్క మాట. సీలో అది గుర్తుని సైన్‌గామ్ అనే గ్లోబల్ వేరియబుల్‌లో పడేస్తుంది, థ్రెడ్లలో గోల. విలువ, గుర్తు రెండూ కలిపి తిరిగిచ్చేలా పెట్టుకోండి.

కొత్తకంపైలర్
నోట్ చేసుకున్నాను. ఇంకొక్క సందేహం. మా యూజర్లు డిగ్రీల్లో ఇస్తారు. 30 ని పై/180 తో గుణించి సైన్ తీస్తే 0.5 బదులు 0.49999999999999994 వస్తోంది. దీన్ని సర్దే మార్గం ఉందా?

మోనోటోన్
రేడియన్లకు మార్చే ముందే పరిధి తగ్గించండి. 360 తో ఎఫ్‌మాడ్ (భాగహార శేషం) నిక్కచ్చిగా వస్తుంది, రౌండింగే ఉండదు. తర్వాత 45 డిగ్రీల లోపలికి తెచ్చుకుని, ఆ భాగాన్ని బట్టి సైన్ కెర్నలో (చిన్న పరిధికి రాసిన లోపలి ఫంక్షన్) కాస్ కెర్నలో పిలవండి. రేడియన్లుగా మార్చేటప్పుడు లబ్ధాన్ని ఒక డబుల్‌గా కాకుండా పెద్ద, చిన్న ముక్కల జతగా ఉంచి రెండూ కెర్నల్‌కి ఇవ్వండి. జూలియా సైన్‌డీ ఇలాగే చేస్తుంది, 30 కి 0.5 వస్తుంది. ఎక్స్ × పై కి సైన్ కావాలన్నా ఇదే సూత్రం, సీ23 లో సైన్‌పై అని ఆ ఫంక్షన్లు చేర్చారు కూడా.

కొత్తకంపైలర్
పెట్టి చూశాను, 30 కి 0.5, 180 కి 0. మరి −180 కి? +0 నా, −0 నా?

మోనోటోన్
−0. ఐఈఈఈ 754 లో సైన్‌పై కి అదే నియమం, ధన పూర్ణాంకాలకు +0, రుణ పూర్ణాంకాలకు −0. మీ డిగ్రీల దానికీ అదే పెట్టండి, సైన్(−ఎక్స్), −సైన్(ఎక్స్) అన్నిచోట్లా ఒకటే అవుతాయి. ఎఫ్‌మాడ్ ఇచ్చిన −0 ని మధ్యలో అబ్సల్యూట్ తీసి పోగొట్టకుండా చూసుకోండి.